రెండో ఫ్యూజు

బస్సు టైరు పంక్చరైంది. జాకీ లేదన్న నెపాన్ని డ్రైవరు కండక్టరు మీదికీ, కండక్టరు డ్రైవరు మీదికీ నెట్టుకుంటున్నారు. ప్రయాణికులు దిగి దొరికిన నీడనల్లా పంచేసుకున్నారు. ఆలస్యంగా దిగిన నాకు పాడుబడిన గోడౌను గోడ ఒకటి మిగిలింది. దాని మీద సగం చిరిగిన సినిమా పోస్టరు. నెత్తురు కారే చేత్తో ఓ నడివయసు హీరో, వెనకాల మంటలు. ఆ పోస్టరు ముందు ఒకాయన గొంతుక్కూర్చుని, ముక్కు గోడకు రాసుకుపోయేంతగా వంగి, అడుగున చీమలబారులా ఉన్న అక్షరాలతో కుస్తీ పడుతున్నాడు.

"పెద్దాయనా, కళ్లజోడు ఇంట్లో మరిచొచ్చాను. కథ అని ఎవరి పేరుందో కాస్త చదివి పెడతారా?"

పోస్టరు మీద హీరో పేరు చూసేవాళ్లను చూశాను. హీరోయిన్ పేరు కోసం దారిలో సైకిలు ఆపేవాళ్లనూ చూశాను. కథ ఎవరిదని అడిగిన మనిషి ఇన్నేళ్ల తిరుగుడులో తగలడం ఇదే మొదలు. చదివి చెప్పాను. ఆయన చొక్కా జేబులోంచి చిన్న చీటీ తీసి, అందులో చిరునామా పైనున్న పేరూ చదివించుకున్నాడు. రెండూ ఒకటే.

"సరిపోయింది. ఈయనింటికే వెళ్తున్నాను."

"వేషమేమైనా ఇప్పిస్తానన్నాడా?"

"నా మొహానికి వేషమొకటా! మా అబ్బాయిని చంపిందెవరో అడగడానికి."

విన్నది విన్నట్టు బుర్రకెక్కడానికి కొంతసేపు పట్టింది. పిచ్చివాళ్లతో నాకు చాలా పరిచయముంది, వాళ్లలో ఎవరూ ఇంత శుభ్రంగా గడ్డం గీసుకుని ఉండేవారు కాదు. నాకెక్కడికి వెళ్లాలన్న పట్టింపు లేదు. నా ప్రయాణాలకు గమ్యాలు తక్కువ, సాకులు ఎక్కువ. ఆ రోజు సాకు ఒక పాత పుస్తకాల కొట్టు. కొట్టు ఎక్కడికీ పోదు కదా అనుకుని ఆయన పక్కన చతికిలబడ్డాను.

ఆయన లిఫ్టు మిస్త్రీ. వాళ్ల ఊళ్లో అందరూ అలాగే పిలుస్తారు, ఇంటి తలుపు మీదా అదే రాసి ఉంటుందట. కుర్రతనంలో లిఫ్టుల బరువు దిమ్మెలు మోసే కూలీగా చేరి, మోస్తూ మోస్తూనే పని నేర్చుకున్నాడు. అప్పట్లో ఆ ఊరికి లిఫ్టు కొత్త. జనం అందులోకి చెప్పులు విప్పి ఎక్కేవారట. ఒక ముసలమ్మ నాలుగో అంతస్తుకు చేరి తలుపు తెరవగానే, "ఇది వేరే ఊరు, నన్ను మా ఊళ్లో దింపు నాయనా" అని ఏడ్చిందట. ఈ మాట చెప్పి మిస్త్రీ నవ్వాడు. నేనూ నవ్వాను. కొడుకు చావు గురించి అడగబోతున్న మనిషి నవ్వడం మర్యాదేనా అన్న సందేహం మా ఇద్దరికీ ఒకేసారి వచ్చినట్టుంది, ఇద్దరమూ ఆపేశాం.

పెళ్లయ్యాక భార్యతో పాటు ఆవిడ తమ్ముడూ వచ్చి ఇంట్లో చేరాడు. ఏ పనికీ తొందరపడడు, ఏ మాటకీ తడబడడు. అందుకని వాడికి 'నిదానం' అని పేరు పెట్టారు. మిస్త్రీ వాడిని చేయి పట్టుకుని పనిలోకి దింపాడు. తరువాత కొడుకు పుట్టాడు, పెరిగాడు, చదువు అబ్బలేదు, వాడూ పనిలోకే వచ్చాడు.

"మేనమామ పోలికే అనేది మా ఆవిడ. నాకు కోపమొచ్చేది. పని నేర్పింది నేను, పోలిక వాడిదా అని."

వాళ్ల పనిలో ఒక కట్టుబాటు ఉంది. మెట్ల కింద బోర్డులో పింగాణీ ఫ్యూజు ఉంటుంది. అది తీస్తే లిఫ్టు రాయిలా నిలబడిపోతుంది. లిఫ్టు అడుగున ఉండే గుంతలోకి దిగి పని చేసేవాడు ఆ ఫ్యూజును తన చేత్తో తీసి, తన జేబులోనే పెట్టుకుని దిగాలి. అన్నకిచ్చినా తప్పే, తండ్రికిచ్చినా తప్పే. 'ఫ్యూజు ఎవరి జేబులో ఉంటే ప్రాణం వాళ్ల జేబులో' అని వాళ్ల సామెత. ఇంకో అలవాటూ ఉంది. నాలుగేళ్లు పని చేసిన ఏ మిస్త్రీ అయినా జేబులో మరో మంచి ఫ్యూజు వేసుకుని తిరుగుతాడు. మాడిపోయినది కనిపిస్తే అక్కడికక్కడే మార్చేయడానికి. రెండూ మంచి అలవాట్లే. రెండు మంచి అలవాట్లు ఒకదానికొకటి ఎదురుపడితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించినట్టు లేదు. నేను చదివిన ధర్మశాస్త్రాల్లోనూ అలాంటి చోట్లు చాలా ఉన్నాయి. పండితులు అక్కడికి రాగానే గొంతు సవరించుకుని తరువాతి శ్లోకానికి వెళ్లిపోతారు.

ఎక్కడిదో జాకీ దొరికి, బస్సు కదిలింది. మేమిద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. కిటికీ వైపు చూస్తూనే మిగతాది చెప్పాడు.

ఒక బట్టల దుకాణం మేడలో పాత లిఫ్టు. గుంత లోతు తక్కువ. మిస్త్రీ ఆ రోజు జ్వరంతో ఇంట్లో ఉండిపోయాడు. కొడుకూ నిదానమూ వెళ్లారు. కొడుకు గుంతలోకి దిగాడు. నిదానం పై అంతస్తులో తలుపులకు గ్రీజు పెడుతున్నాడు. పని మధ్యలో లిఫ్టు కిందికి వచ్చేసింది.

"తరువాత లిఫ్టుల తనిఖీ ఆఫీసరు వచ్చి చూశాడు. బోర్డులో ఫ్యూజు ఉంది. ఇంకేం, ఫ్యూజు తియ్యకుండా దిగాడు, పిల్లాడిదే తప్పు అని తేల్చేశాడు. మా దగ్గర పని నేర్చుకున్నవాడు ఫ్యూజు తియ్యకుండా దిగాడంటే... పెద్దాయనా, ఈత నేర్పినవాడి కొడుకు గిన్నెలో మునిగాడన్నట్టు ఉండదూ?"

ఆసుపత్రి వాళ్లు బట్టల మూట ఇచ్చారు. ఇంటికి తెచ్చాక మిస్త్రీ విప్పాడు. ప్యాంటు జేబులో ఫ్యూజు ఉంది.

"అంటే..." అన్నాను.

"అంతే. వాడు తీసే దిగాడు. బోర్డులో ఉన్నది ఇంకోటి. రెండోది."

ఎవరో పెట్టారు. ఆ సమయంలో ఆ మేడలో ఫ్యూజు సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకడు కాపలా మనిషి, రెండోవాడు నిదానం. మిస్త్రీ ఫ్యూజు పట్టుకుని ఆఫీసరు దగ్గరికి బయలుదేరబోతే భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడిందట. "ముందు ఎవరో తెలుసుకో, తరువాత చెప్పు. కొడుకు ఎలాగూ పోయాడు. తెలిసీ తెలియకుండా ఇంకొకణ్ని పోగొట్టకు." ఆ 'ఇంకొకడు' ఎవరో ఆవిడా చెప్పలేదు, ఈయనా అడగలేదు. నిదానం మాత్రం అన్నీ అయిపోయాక ఎవరికీ చెప్పకుండా ఊరు విడిచి వెళ్లిపోయాడు.

"కాపలావాణ్ని అడగలేదా?"

"అడిగాను. ఒట్టేశాడు. తాగినప్పుడు అడిగాను, ఇంకా పెద్ద ఒట్టేశాడు."

అప్పుడు వచ్చింది ఈ సినిమా. ఊళ్లో ఆడుతోందని పక్కింటివాళ్లు చెప్పి, "మీరు చూడకండి" అని మరీ మరీ హెచ్చరించారు. దానికంటే పెద్ద ప్రకటన ఏముంటుంది, వెళ్లి చూశాడు. లిఫ్టు మెకానిక్కు కొడుకు చనిపోతాడు. శవం జేబులో ఒక ఫ్యూజు, బోర్డులో ఒక ఫ్యూజు. పెట్టింది తండ్రి ప్రాణస్నేహితుడు, వ్యాపారంలో వాటా కోసం. తండ్రి ఊరూరూ తిరిగి వెతికి, చివరికి వాణ్ని లిఫ్టులో బంధించి పైనుంచి తాడు కోసేస్తాడు. హాలంతా ఈలలు.

"నాకు ఈలలు వినపడలేదు. జేబులో ఫ్యూజు సంగతి నాకూ, మా ఆవిడకీ తప్ప ఇంకెవరికీ తెలీదు. తెలిస్తే ఆ రెండోది పెట్టినవాడికే తెలియాలి. ఈ రాసినాయనకి ఎవరు చెప్పారు?"

ఆ లెక్క సరిగ్గానే ఉంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. మరి సినిమాల్లో పొగ యంత్రంతో వస్తుందని కూడా విన్నాను. ఆ మాట అనబోయి మింగేశాను.

"ఇంట్లో చెప్పి వచ్చారా?"

"చెప్పాను. సినిమాలో నిన్ను ఇంటర్వెల్ ముందే చంపేశారు అన్నాను. పీడా వదిలింది, మిగతాది నేను చూడక్కర్లేదు అంది." మళ్లీ తనే, "తెలిశాక ఏం చేస్తావని మాత్రం అడిగింది" అన్నాడు.

"ఏం చెప్పారు?"

"చెప్పలేదు. చంపాలనే అనుకుంటున్నాను. రోజూ రకరకాలుగా అనుకుంటాను. నాకు వచ్చింది లిఫ్టు పని ఒక్కటే, దాంతోనే ఏదైనా చేద్దామని చూస్తే, తాడు తెగితే పట్టుకోవడానికి ఒకటి, అది పట్టుకోకపోతే ఇంకోటి. అందులో ఉన్నవన్నీ మనిషి చావకుండా ఉండడానికి పెట్టినవే. విసుగొస్తుంది."

ఆయన ఒళ్లో సంచి ఉంది. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా అందులో ఇనుము గలగలమంటోంది. పానాలు, స్క్రూడ్రైవర్లు. మిస్త్రీ సంచిలో పానా ఉంటే దాన్ని ఆయుధమనాలా, అన్నం పెట్టే చెయ్యి అనాలా? పగ తీర్చుకోబోయే తండ్రులు ప్రపంచంలోని పాత కథల నిండా ఉన్నారు. వాళ్లందరికీ శత్రువెవరో మొదటి అధ్యాయంలోనే తెలుసు. ఈయనకి ఆ వసతి కూడా లేదు. ఈ మనిషిని ఆపాలా, సాయం చేయాలా, అసలు నాకు సంబంధమేమిటి అన్న మూడు ప్రశ్నలూ నన్ను నగరం దాకా పీడించాయి. జవాబు దొరక్కపోవడంతో నాలుగోది చేశాను. ఆయన వెంట దిగిపోయాను.

సినీ రచయిత ఉండేది ఒక ఇరుకు వీధిలో అపార్టుమెంటు పై అంతస్తులో. లిఫ్టు ఉంది. మిస్త్రీ ఎక్కాడు, తలుపు మూశాడు, మళ్లీ తెరిచాడు, మళ్లీ మూశాడు. తలుపు చప్పుడు చేయకుండా మూసుకుంటోంది. చట్రం వెనక చెయ్యి పెట్టి తడిమాడు. అక్కడ మందపాటి గుడ్డముక్క మడిచి కట్టి ఉంది.

"ఏమిటి?"

"ఏం లేదు. తలుపు కొట్టుకోకుండా కట్టారు." పై అంతస్తు వచ్చేవరకూ ఆ చట్రం వైపే చూస్తూ నిలబడ్డాడు.

రచయిత నేననుకున్నట్టు నల్ల కళ్లజోడు మనిషి కాదు. లుంగీ కట్టుకుని, నోట్లో టూత్‌బ్రష్షుతోనే తలుపు తీశాడు. వేషం కోసం వచ్చామనుకున్నాడు కాబోలు, "ఫొటోలు అక్కడ పెట్టి వెళ్లండి మాస్టారూ" అన్నాడు నాతో. ఈ వయసులో నాలో ఏ వేషం చూశాడో!

మిస్త్రీ గడపలోనే నిలబడి అడిగేశాడు. "జేబులో ఫ్యూజు సంగతి మీకెవరు చెప్పారు?"

రచయిత నోట్లో బ్రష్షు ఆగిపోయింది. లోపలికి వెళ్లి నోరు కడుక్కుని వచ్చాడు. మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఎదురుగా కూర్చోబోయి, మళ్లీ లేచి ఫ్యాను వేసి, మళ్లీ కూర్చున్నాడు.

"మీరు ఆ అబ్బాయి నాన్నగారా?"

"ఎవరు చెప్పారు?"

"ఈ లిఫ్టు చూడ్డానికి నెలనెలా ఒకతను వస్తాడండీ. కరెంటు పోయి నేను లోపల ఇరుక్కుపోయిన రోజు అతనే తీశాడు. టీ తాగి పొమ్మన్నాను. ఊరికే అడిగాను, ఈ పనిలో ప్రమాదాలు జరుగుతాయా అని. అంతే. చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో నేను ఆపలేకపోయాను."

"నిదానంగా మాట్లాడతాడా?"

"చాలా."

మిస్త్రీ తలూపాడు. "ఎక్కేటప్పుడే అనుకున్నాను. ఆ గుడ్డముక్క కట్టడం నేను నేర్పిందే." ఆయన గొంతులో కోపం ఉందేమోనని చెవులు రిక్కించాను. దొరకలేదు. "ఏమని చెప్పాడు? నేనే పెట్టానన్నాడా?"

"అదేనండీ..." రచయిత తల గోక్కున్నాడు. "అతని మాటలే చెబుతాను. పైనుంచి దిగి వస్తున్నాడట. మెట్ల కింద బోర్డులో ఖాళీ గూడు కనిపించిందట. అది చూసినట్టు గుర్తుందట. తరువాత గుర్తున్నది అరుపులేనట. మధ్యలో ఏం జరిగిందో తెలీదట. జేబు తడుముకుంటే ఎప్పుడూ ఉండే ఫ్యూజు లేదట. ముందురోజు ఇంకెక్కడైనా వేశాడో, ఆ రోజే అక్కడ వేశాడో గుర్తుకు రావడం లేదట. 'ఖాళీ గూడు కనిపిస్తే మా చెయ్యి ఊరుకోదు సార్, అంతవరకూ నిజం' అన్నాడు. పిల్లాడు ఫ్యూజు తియ్యకుండా దిగాడని ఊరంతా అన్నా తను మాత్రం నమ్మలేదట. 'వాడి జేబులో ఒకటి ఉండే ఉంటుంది, మా బావ నేర్పిన పిల్లాడు తియ్యకుండా దిగడు' అన్నాడు. అది అతను చూసింది కాదు, ఊహించింది."

"మరి మీరు సినిమాలో కావాలనే పెట్టినట్టు తీశారు కదా. వాటా కోసమని."

"నేనేం చేసేదండీ? నిర్మాత ఒప్పుకోవాలి. 'ఏమో, గుర్తులేదు' అని సినిమా ఎలా ముగించను? టికెట్టు కొన్నవాడు కుర్చీలు విరగ్గొడతాడు."

"అంటే మీకు తెలీదన్నమాట."

"తెలీదండీ."

"నేను చూసిందంతా మీరు అల్లిందే."

"అల్లాను. తప్పేనండీ. మీరు ఉన్నారన్న సంగతే తట్టలేదు. అంటే, తండ్రి ఉంటాడని తెలుసు. మీరుంటారని..." ఆయన వాక్యం పూర్తి చేయలేకపోయాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని తిట్టుకోవాలనిపించింది గానీ, ఈ కాకికి కాస్త నొప్పి ఉన్నట్టే కనిపించింది. లేకపోతే నిదానం ఉండే చోటు అడగకుండానే చెప్పేవాడు కాదు.

మెట్ల మీదుగా దిగాం. లిఫ్టు ఎక్కుదామని మిస్త్రీ అనలేదు.

వీధిలోకి వచ్చాక ఒక్కసారిగా అన్నాడు. "పెద్దాయనా, మీరు చాలా చదివినట్టున్నారు. ఒకటి చెప్పండి. చేసింది వాడే అనుకుందాం. చేసినట్టు వాడికే తెలీదు. అప్పుడు నేను ఎవర్ని చంపాలి?"

చదివిన పుస్తకాలన్నీ తలలో ఒకేసారి తెరుచుకుని ఒకేసారి మూసుకున్నాయి. "నాకు తెలీదు" అన్నాను. ఆ రోజు ఆ మాట అనని మనిషే నాకు తగల్లేదు.

"వాడు తెలిసి చేసుంటే బాగుండేది" అన్నాడు. వెంటనే తనే అదిరిపడి, "ఛీ, ఏం మాట ఇది" అనుకున్నాడు. పది అడుగులు వెళ్లాక, "లేదు, బాగుండేది" అన్నాడు మళ్లీ.

నిదానం ఉండేది ఒక గ్యారేజీ వెనక పనివాళ్ల గదుల్లో. మేం వెళ్లేసరికి కొళాయి దగ్గర చొక్కా పిండుతున్నాడు. బక్కపలచని మనిషి, ముందు జుట్టు ఊడింది. మిస్త్రీని చూశాడు. చేతిలో చొక్కాను పూర్తిగా పిండి, దులిపి, తీగ మీద వేసి, ముడతలు సర్ది, అప్పుడు దగ్గరికి వచ్చాడు. నాకు ఒళ్లు మండింది. మిస్త్రీ మాత్రం అంతసేపూ ఓపిగ్గా నిలబడ్డాడు. ఈ నిదానం ఆయనకు పాతదే కదా.

"వచ్చావా బావా."

"ఆఁ."

"అక్క ఎలా ఉంది?"

"ఉంది."

నిదానం నన్ను చూశాడు. నేనెవరో అడగలేదు. ఇనప డబ్బా ఒకటి బోర్లించి నాకు పీట వేశాడు. వాళ్లిద్దరూ నిలబడే ఉన్నారు.

"ఆ సార్ సినిమా తీశారంట కదా. చూశావా?"

"చూశాను. నువ్వు?"

"లేదు బావా. ధైర్యం చాల్లేదు." వెనక్కి వెళ్లి కొళాయి కట్టేసి వచ్చాడు. "ఎవరు పెట్టారంట అందులో?"

నేను డబ్బా మీద కదలకుండా కూర్చున్నాను. ఆ ప్రశ్నతో ఒక తండ్రి అంత దూరం ప్రయాణం చేసి వచ్చాడు. అదే ప్రశ్న ఇక్కడ చొక్కాలు ఉతుక్కుంటూ కాచుక్కూర్చుంది.

"నువ్వే" అన్నాడు మిస్త్రీ.

నిదానం తీగ మీద చొక్కాను ఇంకోసారి సర్దాడు. "అంతేలే. నేనే అయ్యుంటాను."

"అయ్యుంటానంటే ఏంట్రా! పెట్టావా, లేదా?"

"తెలీదు బావా."

"వాడు గుంతలో ఉన్నాడని తెలుసు కదా!"

"తెలుసు. ఆ గూడు చూసినప్పుడు తెలుసో లేదో తెలీదు. రోజూ ఆ మెట్లు దిగుతూనే ఉన్నాను బావా. కళ్లు మూసుకుంటే చాలు, అక్కడికి వస్తాను, గూడు కనిపిస్తుంది. తరువాత ఏమీ ఉండదు. కొట్టు బావా. కొడితే గుర్తొస్తుందేమో."

మిస్త్రీ చెయ్యి లేచింది. నేనూ లేచాను, ఎందుకో నాకే తెలీదు. ఆ చెయ్యి గాల్లో కాసేపు ఉండి, నిదానం చొక్కా జేబు మీదికి దిగింది. పైనుంచే తడిమింది. జేబులో ఏమీ లేదు.

"ఉంచుకోవడం లేదా?"

"మానేశాను. ఎక్కడైనా మాడిపోతే షాపు దాకా వెళ్లి తెచ్చి వేస్తున్నాను. కంపెనీవాళ్లు తిడుతున్నారు, నెమ్మదైపోయావని."

"నువ్వు ఇంకా నెమ్మదవడానికి ఏముందిరా" అన్నాడు మిస్త్రీ. అది తిట్టో, హాస్యమో, అంతకు మించినదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. నిదానం మొహంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి, సగంలో దారి తప్పి, ఏడుపుగా మారింది. చప్పుడు లేకుండా ఏడ్చాడు. మిస్త్రీ అటు తిరిగి గ్యారేజీ గోడను చూస్తూ నిలబడ్డాడు.

"నాకు చెప్పి ఏం లాభం?" అన్నాడు చివరికి, గోడతో అన్నట్టు. "వాడు తీసే దిగాడు. ఫ్యూజు వాడి జేబులో ఉంది. నేను చూశాను."

నిదానం కళ్లెత్తాడు. తను ఊహించి నమ్మిన మాట నిజమని అతను వినడం అదే మొదలు. వినగానే చెయ్యి చాపి, మెట్లు దిగేవాడు కమ్మీ పట్టుకున్నట్టు తీగను పట్టుకున్నాడు.

"మీ అక్కకి నువ్వే చెప్పు" అన్నాడు మిస్త్రీ. "తెలీదన్న మాటే చెప్పు. నా నోటితో నేను చెప్పలేను."

సంచి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు. నా వైపు చూడలేదు. పొద్దుటి నుంచీ పక్కనే ఉన్న మనిషినన్న గుర్తు కూడా ఆయన నడకలో కనిపించలేదు. గ్యారేజీ ముందు ఆగి ఉన్న వాహనాల మధ్య నుంచి, ఎవరికోసమూ పక్కకు తొలగకుండా వెళ్తున్నాడు.

నిదానం తడి చేతులు చొక్కాకు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "పెద్దాయనా, ఇప్పుడు వెంట రమ్మన్నాడా? తరువాత ఎప్పుడైనా రమ్మన్నాడా?"

నాకూ అర్థం కాలేదు. పిలిచి అడుగుదామని చూసేసరికి మిస్త్రీ వీధి మలుపు తిరిగిపోయాడు.